విదేశీ సెల్లర్ దగ్గర కొన్న పుస్తకానికి గుమ్మం దగ్గర ఇంకో బిల్లు. ఇందులో ఏది న్యాయం, ఏది అడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు?

పాతగడియారం
సోమవారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. పాత చేతిగడియారాలు విప్పి బాగుచేసుకోవడం నాకు సరదా. దాని మీద ఎప్పుడో అచ్చు ఆగిపోయిన ఒక పుస్తకం కోసం రెండేళ్లు వెతికాను. చివరికి వేరే దేశంలో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. ధర చూశాను, షిప్పింగ్ చూశాను, రెండూ కలిపి కార్డుతో కట్టేశాను. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

నిన్న డెలివరీ అబ్బాయి పార్సెల్ చంకలో పెట్టుకుని, ముందుగా ఒక స్లిప్పు చేతిలో పెట్టాడు. మూడు లైన్లున్నాయి. మొదటిది దిగుమతి సుంకం. దాని కింద పన్ను. ఆ కింద "అడ్వాన్స్‌మెంట్ ఫీ". ఈ మూడో లైను పైన ఉన్న రెండూ కలిపినదానికన్నా ఎక్కువ. మొత్తం కలిపితే పుస్తకం ధరలో దాదాపు సగం. కట్టకపోతే పార్సెల్ వెనక్కి పోతుందన్నాడు. ఎండలో నిలబడ్డ మనిషితో వాదించడం నాకు నచ్చలేదు, కట్టేశాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

సుంకం ప్రభుత్వానిదని అర్థమైంది. ఆ మూడో లైను ఎవరిది? కొనేటప్పుడే నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఇందులో ఏదైనా తిరిగి వచ్చే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

వానచినుకు
సోమవారం, ఉదయం 9:25

మీ బాధ నాకు బాగా తెలుసండి. నేను ఫ్లూటు కొన్నప్పుడు అచ్చం ఇలాగే జరిగింది. నన్నడిగితే కట్టకుండా వెనక్కి పంపేయాల్సింది. మనం ఒప్పుకోని డబ్బు మనమెందుకు కట్టాలి? పార్సెల్ వెనక్కి వెళ్తే సెల్లరే రీఫండ్ ఇస్తాడు కదా.

లెక్కలపుస్తకం
సోమవారం, మధ్యాహ్నం 1:10

పాతగడియారం గారూ, నేను కొన్నేళ్లు ఒక కొరియర్ కంపెనీలో క్లియరెన్స్ డెస్కులో, అంటే పార్సెళ్లని కస్టమ్స్ నుంచి విడిపించే చోట పనిచేశాను. మీ స్లిప్పు లాంటివి రోజుకి వందలు చూసేవాణ్ణి. ఫోన్లలో ఏడ్చినవాళ్లూ ఉన్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మూడో లైను కొరియర్ కంపెనీది. పార్సెల్ కస్టమ్స్‌లో ఆగకుండా ఉండాలని సుంకం, పన్ను ముందుగా కంపెనీయే మీ తరఫున కట్టేస్తుంది. అలా మీకు అప్పు పెట్టినందుకు, కాగితాలు నింపినందుకు తీసుకునే రుసుము అది. ఒక్కొక్కరు ఒక్కో పేరు పెడతారు: అడ్వాన్స్‌మెంట్, డిస్బర్స్‌మెంట్, బ్రోకరేజీ, ప్రాసెసింగ్, హ్యాండ్లింగ్. అన్నీ ఆ కోవకే చెందుతాయి. చాలా చోట్ల దీనికి ఒక కనీస మొత్తం ఉంటుంది. అందుకే ఖరీదైన వస్తువు కొన్నవాళ్లకి ఇది పెద్దగా తెలియదు. చిన్న వస్తువు కొన్నవాళ్లకే నడ్డి విరుగుతుంది.

ఇక లెక్క. వస్తువు ధర 100 అనుకోండి, ఏ కరెన్సీ అయినా సరే. షిప్పింగ్ 18, ఇన్సూరెన్స్ 2. చాలా దేశాలు సుంకాన్ని 100 మీద కాకుండా ఈ మూడూ కలిపిన 120 మీద వేస్తాయి. దీన్నే సీఐఎఫ్ విలువ అంటారు. సుంకం 10 శాతం అయితే 12. అప్పుడు 132 అయింది. పన్ను ఆ 132 మీద పడుతుంది, అంటే సుంకం మీద కూడా పన్ను. 20 శాతం అనుకుంటే 26.40. కొరియర్ ఫీజు 15 వేసుకోండి. మొత్తం 173.40. సైటులో మీకు కనబడింది మాత్రం 100, దాని పక్కన సన్న అక్షరాల్లో షిప్పింగ్.

అమెరికా లాంటి కొన్ని దేశాలు రవాణా ఖర్చు వదిలేసి వస్తువు విలువ మీదే సుంకం వేస్తాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ వాల్యుయేషన్ ఒప్పందంలో ఈ విషయాన్ని ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోమని వదిలేశారు. అందుకని వేరే దేశంలో ఉన్న స్నేహితుడి లెక్క చూసి మీ లెక్క వేసుకోకండి.

పాతగడియారం
సోమవారం, సాయంత్రం 6:05

ధన్యవాదాలు మాస్టారూ. "పన్ను మీద పన్ను" అని వినడమే గానీ లెక్క వేసి చూపించింది మీరే. ఇప్పుడు ఆ సైటు మళ్లీ తెరిచి చూశాను. పేజీ అడుగున, రిటర్న్ పాలసీ కూడా దాటాక, "దిగుమతి ఛార్జీలు కొనుగోలుదారు బాధ్యత" అని ఒక లైనుంది. చెక్‌అవుట్ పేజీలో మాత్రం ఎక్కడా లేదు. మొత్తం అని రాసిన చోట ఉన్న అంకె, నా దృష్టిలో, మొత్తం కాదు. నాకు బాధ కలిగించింది అదే. ఎంత అవుతుందో ముందే చెప్పి ఉంటే బహుశా అప్పుడూ కొనేదాన్నేమో. నిర్ణయం నా చేతిలో ఉండాలి కదా.

సూదిదారం
సోమవారం, రాత్రి 9:30

నేను అమ్మేవైపు నుంచి మాట్లాడతాను. చేత్తో అల్లిన లేసులు బయటి దేశాలకి పంపుతాను, ఒక్కదాన్నే చేసుకుంటాను. మాలాంటి చిన్నవాళ్లు దాచిపెడుతున్నారని అందరూ అనుకుంటారు. నిజం ఏంటంటే, నేను పంపే ప్రతి దేశంలో సుంకం రేటు ఎంతో, కొరియర్ ఎంత ఫీజు వేస్తాడో నాకే తెలియదు. ఒక అంకె చెప్పి అది తప్పయితే మాట పడాల్సింది నేనే.

అయినా మేం చెప్పగలిగిన ముక్క ఒకటుంది, చాలామంది సెల్లర్లు అది కూడా చెప్పరు. అది మా తప్పే. పార్సెల్ డీడీపీగా పంపుతున్నామా, డీఏపీగా పంపుతున్నామా అన్నది. డీడీపీ అంటే సుంకం, పన్ను అన్నీ పంపేవాళ్లే కట్టేస్తారు, గుమ్మం దగ్గర మీరు పైసా ఇవ్వక్కర్లేదు. డీఏపీ అంటే వస్తువు మీ ఊరు చేరేవరకే మా ఖర్చు, దిగుమతి ఖర్చులు మీవి. కొన్ని పాత పేజీల్లో డీడీయూ అని కనబడుతుంది. అంతర్జాతీయ అమ్మకాల షరతులకి పేర్లు పెట్టే 2010 ఇంకోటర్మ్స్‌లో ఆ పేరు తీసేసి డీఏపీ అని పెట్టారు, కొనేవాళ్లకి ఫలితం మాత్రం మారలేదు.

కొనేముందు సెల్లర్‌కి ఒక్క మెసేజీ పెట్టండి: "మీరు డీడీపీగా పంపుతారా, డీఏపీగానా? ఏ కొరియర్‌లో?" జవాబు సైటులోని చాట్‌లోనే ఉండేలా చూసుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నేను పది నిమిషాల్లో జవాబిస్తాను. నెలకి ఒకరిద్దరు కూడా అడగరు.

వానచినుకు
సోమవారం, రాత్రి 10:15

సూదిదారం గారూ, మంచి మాట చెప్పారు. కానీ నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. పార్సెల్ తీసుకోకపోతే ఏమవుతుంది?

సూదిదారం
మంగళవారం, ఉదయం 7:20

నాకు జరిగింది చెప్తాను. ఒకావిడ పెద్ద టేబుల్ క్లాత్ ఆర్డర్ చేశారు. నాలుగు నెలలు అల్లాను. అక్కడ సుంకం అడిగారని తీసుకోలేదు. కొరియర్ వాళ్లు తిరుగు రవాణా నా ఖాతాలో వేశారు, పైగా అక్కడి కస్టమ్స్‌లో కట్టేసిన సుంకం కూడా నా మీదే వేశారు. చాలా కొరియర్ కంపెనీల నిబంధనల్లో, అందుకునేవాళ్లు కట్టకపోతే పంపినవాళ్లే కట్టాలని ఉంటుంది. పెట్టె తిరిగొచ్చేసరికి నలిగిపోయి ఉంది. విప్పితే అంచు మడత దగ్గర చిన్న తడి మరక. ఆ బట్ట ఇంకా నా అల్మారాలోనే ఉంది.

ఆవిడకి రీఫండ్ ఇచ్చాను, కానీ రానుపోను రవాణా తగ్గించుకుని ఇచ్చాను. చాలామంది అలాగే చేస్తారు. కొన్ని సైట్లు డెలివరీ తీసుకోకపోవడాన్ని రిటర్న్ కింద లెక్కే వేయవు. కొన్ని పార్సెళ్లు వెనక్కి కూడా రావు, గడువు దాటితే వదిలేసిన సరుకు కింద పోతాయి. కాబట్టి వానచినుకు గారూ, వెనక్కి పంపడం ఖర్చు లేని దారి మాత్రం కాదండి.

వానచినుకు
మంగళవారం, ఉదయం 8:02

అర్థమైందండి. నేను ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. మీ నాలుగు నెలల పని అలా అయినందుకు నిజంగా బాధగా ఉంది. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

నాలుగోగది
మంగళవారం, ఉదయం 11:45

ఒక విషయం కలుపుతాను. "ఇన్నాళ్లూ కట్టలేదు, ఇప్పుడెందుకు" అని చాలామంది అడుగుతుంటారు. చిన్న పార్సెళ్లకి మినహాయింపులు వరుసగా పోతున్నాయి, కారణం అదే.

ఆస్ట్రేలియా 2018 జులై 1 నుంచి 1000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరుకు మీద కూడా 10 శాతం జీఎస్టీ వసూలు మొదలుపెట్టింది. న్యూజిలాండ్ 2019 డిసెంబర్ 1 నుంచి ఆ దారిలోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు ఉన్న వ్యాట్ మినహాయింపుని 2021 జులై 1న తీసేసింది. బ్రిటన్ అదే ఏడాది జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకి అమ్మే దగ్గరే వ్యాట్ పెట్టింది. అమెరికాలో 2016 నుంచి 800 డాలర్ల దాకా సుంకం లేకుండా వచ్చేది. దాన్ని 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకి, ఆగస్టు 29న మిగతా దేశాలన్నిటికీ నిలిపేశారు.

ఇందులో మంచి ఒకటుంది. అమ్మే దగ్గరే పన్ను తీసుకుంటే కొనేటప్పుడే మొత్తం కనబడుతుంది, గుమ్మం దగ్గర షాక్ తగ్గుతుంది. చెడు కూడా చూశాను. యూరప్‌లో 150 యూరోల లోపు సరుకుకి ఐఓఎస్ఎస్ అనే పద్ధతి ఉంది, సైటే వ్యాట్ తీసుకుని ఒక నంబరు పార్సెల్‌కి జతచేసి పంపాలి. ఆ నంబరు డేటాలో చేరకపోతే పోస్టువాళ్లు కట్టలేదనుకుని మళ్లీ తీసుకుంటారు. మా అక్కకి అలాగే అయింది. పోస్టాఫీసు చుట్టూ తిరిగింది, వాళ్లు సెల్లర్‌నే అడగమన్నారు. చివరికి మొదటి చెక్‌అవుట్ బిల్లు, పోస్టు రసీదు రెండూ కలిపి సైటుకి పంపితే వ్యాట్ వచ్చింది. పోస్టు తీసుకున్న హ్యాండ్లింగ్ ఛార్జీ మాత్రం రాలేదు.

మిషన్‌పెడల్
మంగళవారం, మధ్యాహ్నం 3:30

షిప్పింగ్ గురించి ఎవరూ రాయలేదు, అందులోనూ ఒక దెబ్బ ఉంది. నా పాత కుట్టుమిషన్‌కి బాబిన్ కేసు తెప్పించాను. బొటనవేలంత వస్తువు. వచ్చింది చెప్పుల డబ్బా అంత పెట్టెలో, లోపలంతా గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు. కొరియర్ వాళ్లు అసలు బరువు, కొలతల బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారట. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి చాలాచోట్ల 5000తో భాగిస్తారు. నా పెట్టె 30, 20, 12. అంటే 1.44 కిలోలు. బాబిన్ కేసు వంద గ్రాములు కూడా ఉండదు. పైగా మాస్టారు చెప్పినట్టు, పెరిగిన ఆ షిప్పింగ్ మీద కూడా సుంకం వేశారు. ఇప్పుడు చిన్న వస్తువు కొంటే "కవర్లో పెట్టి పంపండి" అని ముందే రాస్తున్నాను.

ఇంకో ప్రశ్న. సెల్లర్ తనంతట తనే "గిఫ్ట్ అని రాసి, ధర తక్కువ వేస్తాను" అన్నాడు. ఒప్పుకోవచ్చా?

లెక్కలపుస్తకం
మంగళవారం, సాయంత్రం 5:15

వద్దమ్మా, దయచేసి ఒప్పుకోవద్దు. డబ్బిచ్చి కొన్నది గిఫ్ట్ కాదు. తక్కువ విలువ రాయడం అబద్ధపు డిక్లరేషనే. కస్టమ్స్ ఆఫీసర్లు ఆ వస్తువు ఆన్‌లైన్‌లో ఎంతకి అమ్ముతున్నారో నిమిషంలో చూస్తారు. బిల్లు అడుగుతారు, కార్డు స్టేట్‌మెంట్ అడుగుతారు. విలువ పెంచడమే కాక జరిమానా పడొచ్చు, సరుకు జప్తు కావచ్చు. ఇంకోటి, పార్సెల్ దారిలో పోతే ఆ రాసిన తక్కువ విలువకే నష్టపరిహారం వస్తుంది. ఐదొందలది యాభై అని రాస్తే మీ చేతికొచ్చేది యాభయ్యే.

పాతగడియారం గారూ, మీరొక పని చేయండి. పెట్టె మీద ప్లాస్టిక్ కవర్ అంటించి ఉంటుంది, అందులో ఇన్వాయిస్ మడతపెట్టి ఉంటుంది. పారేయలేదు కదా? అందులో వస్తువు పేరు ఏమని రాశారో, పక్కన ఏదైనా నంబరు ఉందో చూసి చెప్పండి.

పాతగడియారం
మంగళవారం, రాత్రి 8:50

పారేయలేదు. ఇప్పుడే తీసి చూశాను. "స్టేషనరీ, ఒకటి" అని రాసి ఉంది. నంబరు 4820. పుస్తకం పేరు ఎక్కడా లేదు.

లెక్కలపుస్తకం
మంగళవారం, రాత్రి 9:20

అక్కడే ఉంది తిరకాసు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన హెచ్ఎస్ కోడ్ అని ఒక పట్టిక ఉంది, 1988 నుంచి అమల్లో ఉంది. అందులో ప్రతి రకం సరుకుకీ ఒక నంబరు ఉంటుంది. ప్రపంచంలో సరుకు ఏదైనా మొదటి ఆరు అంకెలు అన్ని సభ్యదేశాలకీ ఒకటే, సుంకం రేటు మాత్రం ఎవరిది వాళ్లది. 4820 అంటే నోటుబుక్కులు, డైరీలు, రిజిస్టర్లు. అచ్చు పుస్తకాలది 4901. అచ్చు పుస్తకాల మీద చాలా దేశాలు సుంకం వేయవు. యునెస్కో ఆధ్వర్యంలో 1950లో ఫ్లారెన్స్‌లో కుదిరిన ఒప్పందం ఒకటుంది, పుస్తకాలు, విద్యకి పనికొచ్చే వస్తువులు దేశం దాటేటప్పుడు సుంకం వేయకూడదని సంతకం చేసిన దేశాలు ఒప్పుకున్నాయి. లోపలి పన్నులకి అది వర్తించదు, కాబట్టి రెండో లైను ఉండొచ్చు.

మీ దేశం టారిఫ్ పట్టిక కస్టమ్స్ వెబ్‌సైటులో ఉంటుంది. 4901 ఎదురుగా ఎంత ఉందో చూడండి. సున్నా ఉంటే కొరియర్ కంపెనీ క్లియరెన్స్ విభాగానికి రాయండి, కస్టమర్ కేర్‌కి కాదు. పుస్తకం అట్ట ఫోటో, టైటిల్ పేజీ ఫోటో, సెల్లర్ బిల్లు, కట్టిన రసీదు జతచేయండి. వాళ్లు కస్టమ్స్‌కి సవరణ పెట్టాలి. దీనికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. సెల్లర్‌కి కూడా మర్యాదగా ఒక మాట రాయండి, ఇన్వాయిస్ సరిచేసి ఇస్తే మీ పని తేలికవుతుంది.

నాలుగోగది
బుధవారం, ఉదయం 10:05

మాస్టారూ, ఆ కొరియర్ ఫీజు తప్పించుకునే దారి లేదా? కెనడాలో అయితే కొన్నవాళ్లే కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లి సొంతంగా క్లియర్ చేసుకోవచ్చు, బ్రోకరేజీ పడదు.

లెక్కలపుస్తకం
బుధవారం, ఉదయం 11:30

అవును, అక్కడ ఆ వీలుంది. అన్ని దేశాల్లోనూ అంత సులువు కాదు. ఎక్కువమందికి పనికొచ్చే దారి పోస్టు. మామూలు పోస్టులో వచ్చిన పార్సెల్‌కి హ్యాండ్లింగ్ ఛార్జీ ఉన్నా, సాధారణంగా ఎక్స్‌ప్రెస్ కొరియర్ కన్నా తక్కువ ఉంటుంది. ఆలస్యం అవుతుంది, ట్రాకింగ్ అంత బాగుండదు. చిన్న, తక్కువ ఖరీదు వస్తువుకి నేనైతే పోస్టే అడుగుతాను. ఖరీదైనదానికి డీడీపీ ఉన్న సెల్లర్‌ని వెతుకుతాను. కొన్ని పెద్ద సైట్లు దిగుమతి ఫీజు డిపాజిట్ అని ముందే అంచనా వేసి తీసుకుంటాయి, అసలు ఖర్చు తక్కువైతే మిగిలింది వెనక్కి వేస్తాయి. అది కూడా నయమే.

కరెన్సీ సంగతి కూడా చూసుకోండి. చెక్‌అవుట్‌లో "మీ దేశం కరెన్సీలో కట్టండి" అని వస్తుంది. అది నొక్కితే మారకం రేటు వాళ్లది, సాధారణంగా బ్యాంకు రేటు కన్నా ఎక్కువ పడుతుంది. సెల్లర్ కరెన్సీలోనే కట్టడం మేలు, కార్డు వాడినందుకు బ్యాంకు ఎంత మార్కప్ వేస్తుందో ముందు చూసుకుని.

వానచినుకు
బుధవారం, మధ్యాహ్నం 2:40

ఒక హెచ్చరిక. ఈ గొడవంతా చదువుతున్నవాళ్లు ఇప్పుడు ఫీజు అనగానే కట్టేయకండి. నాకు పోయిన వారం "మీ పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింకులో చిన్న మొత్తం కట్టండి" అని మెసేజీ వచ్చింది. ఆ సమయానికి నిజంగానే నాకొక పార్సెల్ రావాలి, అందుకే నమ్మేశాను. కార్డు నంబరు సగం కొట్టాక అడ్రస్ బార్ చూశాను, కొరియర్ పేరులో ఒక అక్షరం తేడా. టెన్షన్‌తో చేతులు వణికాయి. మెసేజీలో లింకు నొక్కకుండా, కొరియర్ సైటు మనమే తెరిచి ట్రాకింగ్ నంబరు కొట్టి చూడాలి. నిజంగా బాకీ ఉంటే అక్కడే కనబడుతుంది.

మిషన్‌పెడల్
బుధవారం, సాయంత్రం 4:20

చాలా మంచి మాట చెప్పారు. మా అమ్మ ఫోన్‌కి కూడా ఇలాంటివి వస్తున్నాయి, ఈరోజే చూపిస్తాను.

పాతగడియారం
మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:10

ఎవరైనా ఎదురుచూస్తుంటారేమో అని రాస్తున్నాను. టారిఫ్ పట్టికలో 4901 ఎదురుగా సున్నా ఉంది. మాస్టారు చెప్పినట్టే అట్ట ఫోటో, టైటిల్ పేజీ, బిల్లు, రసీదు అన్నీ పంపాను. మొదటి జవాబు "ఛార్జీలు సరైనవే" అని వచ్చింది. రెండో మెయిల్‌లో రెండు కోడ్‌లూ పక్కపక్కన రాసి, ఇది నోటుబుక్ కాదు, 200 పేజీల అచ్చు పుస్తకం అని రాశాను. సెల్లర్‌కి రాస్తే ఆయన ఆ రోజే సారీ చెప్పి ఇన్వాయిస్ సరిచేసి పంపారు. స్టేషనరీ అని రాస్తే పని తేలిక అని ఎవరో చెప్పారట, అన్ని పుస్తకాలకీ అలాగే రాస్తూ వచ్చారట. ఇకమీదట 4901 రాస్తానన్నారు.

నిన్న సుంకం మొత్తం ఖాతాలో పడింది. దానితో పాటు పన్నులో కొంత కూడా వచ్చింది, సుంకం మీద వేసిన పన్ను కాబట్టి. అడ్వాన్స్‌మెంట్ ఫీ రాలేదు. అది సేవకి తీసుకున్న రుసుము అన్నారు. వస్తువుని తప్పు కోడ్‌లో పెట్టింది కూడా ఆ సేవే కదా అని మళ్లీ రాశాను, జవాబు రాలేదు. వచ్చేదాకా రాస్తూనే ఉంటాను.

లెక్కలపుస్తకం
ఆదివారం, ఉదయం 10:00

చాలా సంతోషమండి. ఆ ఫీజు కోసం వాళ్ల ఫిర్యాదుల విభాగానికి విడిగా రాయండి. సెల్లర్ తప్పు అని తోసేస్తారు, కానీ సవరణ ఒప్పుకున్న కాగితం మీ దగ్గర ఉంది కాబట్టి అది జతచేయండి. ఇంతకీ పుస్తకం ఎలా ఉంది?

పాతగడియారం
ఆదివారం, ఉదయం 10:35

బాగుంది మాస్టారూ. 112వ పేజీలో బ్యాలెన్స్ స్ప్రింగ్ సరిచేయడం బొమ్మలతో ఉంది. పాత యజమాని ఎవరో పెన్సిల్‌తో అంచులో కొలతలు రాసుకున్నారు. ఫిర్యాదు ఈ సాయంత్రం పంపుతాను.